మీకు తెలుసా? పన్నెండేళ్లు దాటితే అంతా ఫుల్ టికెట్టే!

ఆర్టీసీ బస్సులో ఐదేళ్లలోపు పిల్లలకు టికెట్ అక్కర్లేదు. ఐదు నుంచి పన్నెండు దాకా హాఫ్ టికెట్. పన్నెండు దాటాయంటే కండక్టర్ చేతిలోని మిషన్ ఫుల్ టికెట్టే కొడుతుంది. రైల్లోనూ గీత అక్కడే గీశారు. 2016 ఏప్రిల్ 21 తర్వాత ఆలోపు పిల్లలకైనా విడిగా బెర్తు కావాలంటే పూర్తి ఛార్జీ కట్టాల్సిందే. గోల్కొండ, చార్మినార్ లాంటి కట్టడాల దగ్గర కేంద్ర పురావస్తు శాఖ మాత్రం ఇంకొంచెం పెద్ద మనసు చేసుకుని 15 ఏళ్లలోపు పిల్లలను ఉచితంగా లోపలికి పంపుతుంది.

ఇక 13 నుంచి 19 దాకా ఉన్న ఆ ఏడేళ్ల సంగతి? చేవెళ్లలో ఇంటర్ చదివే కుర్రాడు, మొయినాబాద్‌లో పదో తరగతి చదివే అమ్మాయి టికెట్ కౌంటర్ దగ్గరికి వెళ్తే పెద్దవాళ్ల కిందే లెక్క. చేతిలో డబ్బు మాత్రం అమ్మానాన్నలు ఇచ్చిందే. నాటకమో, కచేరీయో, కూచిపూడో ఒక్కసారి మనసుకు పట్టిందంటే జన్మంతా వదలని వయసు కూడా ఇదే. సరిగ్గా ఆ వయసులోనే రాయితీ చేజారిపోతోంది. లైవ్ ప్రదర్శనలకు టీనేజర్లను రప్పించడానికి ఎవరెవరు ఏమేం చేశారో, మన చేవెళ్ల దారిలో ఉన్న పిల్లలకు అందులో ఏది పనికొస్తుందో ఈసారి చూద్దాం.

ఐదు డాలర్ల టికెట్

అమెరికాలోని సియాటిల్‌లో 2004లో ‘టీన్‌టిక్స్’ అనే పథకం మొదలైంది. 13 నుంచి 19 ఏళ్ల మధ్య ఎవరైనా ఉచితంగా పాస్ తీసుకోవచ్చు. ఆ పాస్ చూపిస్తే నాటకానికైనా, బ్యాలేకైనా, సింఫనీకైనా టికెట్ 5 డాలర్లే. కుటుంబ ఆదాయం అడగరు, మార్కులు అడగరు, ఏ స్కూలని అడగరు. వయసొక్కటే అర్హత. షరతల్లా ఒకటి: చాలావరకు ప్రదర్శన రోజునే కొనాలి, సీట్లు మిగిలి ఉండాలి.

ఇందులోని తెలివి ఆ షరతులోనే ఉంది. తెర లేచాక ఖాళీగా మిగిలిన కుర్చీని మర్నాడు ఎవరికీ అమ్ముకోలేం. ఆ కుర్చీలో ఐదు డాలర్లకు ఒక పదహారేళ్ల పిల్లను కూర్చోబెడితే హాలుకు నష్టం లేదు, పైగా పదేళ్ల తర్వాత పూర్తి ధర పెట్టి వచ్చే ప్రేక్షకురాలు ఇప్పుడే తయారవుతుంది. అక్కడితో ఆగకుండా ఆ పిల్లలకు సమీక్షలు రాయడం నేర్పించి, చూసిన ప్రదర్శన గురించి వాళ్ల చేతే రాయిస్తారు. నాకు ఈ పథకంలో అన్నిటికంటే నచ్చింది ఇదే. చౌక టికెట్ పిల్లలను హాలు దాకా తెస్తుంది. చూసినదాని గురించి నీ మాట చెప్పమని అడగడం వాళ్లను మళ్లీ రప్పిస్తుంది. సియాటిల్, రెడ్మండ్ పరిసరాల్లో మన తెలుగు కుటుంబాలు చాలానే ఉన్నాయి. మేనమామలో, చిన్నాన్నలో అక్కడుంటే వాళ్ల పిల్లల దగ్గర ఈ పాస్ ఉందో లేదో అడిగి చూడండి. న్యూయార్క్‌లో అయితే 13 నుంచి 18 ఏళ్ల వారికి ‘హై ఫైవ్’ పేరుతో ఐదు డాలర్ల టికెట్లు 1990లలోనే వచ్చాయి.

పిల్లల చేతికే డబ్బిస్తే?

యూరప్ ఇంకో దారి పట్టింది. టికెట్ ధర తగ్గించడానికి బదులు పిల్లల చేతికే డబ్బిచ్చింది. ఇటలీ 2016లో 18 ఏళ్లు నిండిన ప్రతి ఒక్కరికీ 500 యూరోలు ఇచ్చింది. ఫ్రాన్స్ 2021 మేలో ‘పాస్ కల్చర్’ను దేశమంతటికీ విస్తరించి, 18 ఏళ్ల వారి ఫోన్‌లోని యాప్‌లో 300 యూరోలు వేసింది. స్పెయిన్ 2022లో 400, జర్మనీ 2023లో 200 యూరోలు ఇచ్చాయి. ఫ్రాన్స్‌లో ఏం జరిగిందనుకున్నారు? నాటకం, సంగీతం కంటే పుస్తకాల మీదే పిల్లలు ఎక్కువ ఖర్చు పెట్టారు. అందులోనూ జపాన్ మాంగా బొమ్మల పుస్తకాలు కుప్పలు తెప్పలుగా అమ్ముడుపోయాయి. చదవడం మంచిదే, ఎవరూ కాదనరు. కానీ ఎప్పుడూ గడప తొక్కని హాలుకు డబ్బు చేతిలో ఉన్నంత మాత్రాన ఎవరూ వెళ్లరని దాంతో తేలింది. 2025లో ఫ్రాన్స్ ఆ మొత్తాన్ని 150 యూరోలకు తగ్గించింది.

500 రూపాయల గీత

మన దేశంలో నాటకం టికెట్‌కు వయసును బట్టి పన్ను రాయితీ లేదు, ధరను బట్టి ఉంది. ఇది చాలామందికి తెలియదు. నాటకం, నృత్యం, సంగీత కచేరీ, సర్కస్ వీటికి మనిషికి 500 రూపాయలు మించని టికెట్‌పై జీఎస్టీ లేదు. 2017 జులైలో జీఎస్టీ వచ్చినప్పుడు ఈ పరిమితి 250 రూపాయలు. 2018 జనవరి 25 నుంచి 500కు పెంచారు. గీత దాటితే 18 శాతం. అంటే 500 టికెట్‌కు కట్టేది 500, ఒక్క రూపాయి పెంచి 501 చేస్తే కట్టేది 591.

సినిమాతో పోల్చండి. 2025 సెప్టెంబర్ 22 నుంచి 100 రూపాయల దాకా ఉన్న సినిమా టికెట్‌పై 5 శాతం, ఆ పైన 18 శాతం పన్ను. 90 రూపాయల సినిమా టికెట్‌లో పన్ను ఉంటుంది, 400 రూపాయల నాటకం టికెట్‌లో ఉండదు. నాటకానికి సర్కారు ఇచ్చిన ఈ చిన్న వెసులుబాటు కౌంటర్ దగ్గర బోర్డు మీద ఎక్కడా కనబడదు. ఇంకో మాట: యాప్‌లో కొంటే టికెట్ ధరపై పన్ను లేకపోయినా, యాప్ వాళ్లు వేసే బుకింగ్ ఫీజుపై 18 శాతం పడుతుంది. నలుగురు స్నేహితులు కలిసి వెళ్తుంటే హాలు కౌంటర్‌లోనే కొనుక్కోవడం లాభం.

వయసు విషయంలో ఒక జాగ్రత్త. రిసార్టుల్లో, పబ్బుల్లో జరిగే కొన్ని లైవ్ మ్యూజిక్ షోలకు టీనేజర్లను రానివ్వరు. తెలంగాణలో 21 ఏళ్లు నిండనివారికి మద్యం అమ్మకూడదు కాబట్టి, మద్యం ఉన్నచోట నిర్వాహకులు గేటు దగ్గరే ఆధార్ చూస్తారు. టికెట్ కొనేముందు కింద చిన్న అక్షరాల్లో ఉండే వయసు నిబంధన చదవండి.

జీరో టికెట్‌తో నాటకానికి

2023 డిసెంబర్ 9 నుంచి తెలంగాణలో ఆడపిల్లలకు, మహిళలకు, ట్రాన్స్‌జెండర్లకు పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ప్రయాణం ఉచితం. సిటీ ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్ బస్సుల్లోనూ అంతే. ఆధార్ చూపిస్తే కండక్టర్ ఇచ్చేది ‘జీరో టికెట్’. ఈ పథకం గురించి మాట్లాడినప్పుడల్లా గుడికి వెళ్లడం, పుట్టింటికి వెళ్లడం, కూలికి వెళ్లడం గురించే చెబుతారు. చేవెళ్ల నుంచి ఇంటర్ చదివే అమ్మాయి రవీంద్రభారతికి వెళ్లి రావడానికి కూడా బస్సు ఖర్చు సున్నా అని ఎవరైనా ఆమెకు చెప్పారా?

రవీంద్రభారతిలో చాలా కార్యక్రమాలకు టికెట్టే ఉండదు. రవీంద్రనాథ్ టాగూర్ శతజయంతికి కట్టిన ఆ భవనాన్ని సర్వేపల్లి రాధాకృష్ణన్ 1961 మే 11న ప్రారంభించారు. అప్పటినుంచీ నాటకమైనా, పద్యమైనా, కూచిపూడైనా ‘ప్రవేశం ఉచితం, అందరూ ఆహ్వానితులే’ అన్న ఆహ్వానపత్రిక తెలుగువాళ్లకు అలవాటు. బస్సు ఉచితం, హాలు ఉచితం. ఇంకా చౌక చేయడానికి ఏముంది?

వేళ ఉంది. చేవెళ్ల హైదరాబాద్‌కు సుమారు 40 కిలోమీటర్లు. మెహిదీపట్నం నుంచి లంగర్‌హౌజ్, అప్పా జంక్షన్, అజీజ్‌నగర్ మీదుగా మొయినాబాద్, అక్కడినుంచి మర్రిచెట్ల నీడలో చేవెళ్ల. రోడ్డు వెడల్పు చేసేటప్పుడు కొట్టేయకుండా కాపాడాలని జనం ఏళ్లతరబడి పోరాడిన మర్రిచెట్లవే. నాటకం ఆరున్నరకు అని వేస్తారు. అతిథుల ప్రసంగాలు, శాలువాలు, జ్ఞాపికలు అయ్యేసరికి ఏడు దాటుతుంది. తెర పడేసరికి తొమ్మిది. అప్పుడు లక్డీకాపూల్‌లో సిటీ బస్సెక్కి మెహిదీపట్నంలో దిగి, పరిగి బస్సో, వికారాబాద్ బస్సో, తాండూరు బస్సో వస్తుందేమోనని నిలబడాలి. చేవెళ్లలో దిగాక ఊరు ఇంకా ఐదారు కిలోమీటర్ల లోపలికి ఉంటే ఎవరో ఒకరు బండి మీద ఎదురు రావాలి. పదహారేళ్ల పిల్లను ఆ వేళకు ఒంటరిగా పంపే తల్లిదండ్రులు ఎంతమంది ఉంటారు? పంపకపోవడం వాళ్ల తప్పు కాదు. ఈ దారిలోని పిల్లలకు నాటకం దూరమైంది టికెట్ ధర వల్ల కాదు, తెర లేచే వేళ వల్ల. మధ్యాహ్నం మూడింటికి ఒక ఆట వేస్తే చీకటి పడేలోపే అందరూ ఇంటికి చేరతారు. మగపిల్లలకు బస్సు ఛార్జీ ఉండనే ఉంది. ఇల్లు-కాలేజీ రూట్ పాస్ ఆ రూటు దాటితే చెల్లదు, మిగతా దారికి ఫుల్ టికెట్ కొనాల్సిందే.

నగరం ఇక్కడ ఎందుకు ఆగింది?

గచ్చిబౌలి, మాదాపూర్‌లలో హాళ్లు, వేదికలు ఉన్నాయి. అక్కడినుంచి ఎంతో దూరం లేని మొయినాబాద్ వైపు అలాంటివి ఎందుకు కనిపించవు? దీనికి పాత కారణం ఒకటుంది. ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ జలాశయాలను కాపాడటానికి 1996 మార్చి 8న వచ్చిన జీవో 111 కింద 84 గ్రామాల్లో భారీ నిర్మాణాలపై ఆంక్షలు పెట్టారు. మొయినాబాద్, చేవెళ్ల, శంకర్‌పల్లి, శంషాబాద్ మండలాల ఊళ్లు అందులో ఉన్నాయి. ఆ ఆంక్షల పుణ్యమా అని చెరువులు, తోటలు, చిలుకూరు అడవి మిగిలాయి. దాన్ని తక్కువ చేయలేం. కానీ ఈ ఊళ్లలో కలిసి కూర్చోవడానికి ఉన్న పెద్ద కప్పు ఏమిటంటే ఫంక్షన్ హాలే. పెళ్లిళ్లు లేని మూఢం రోజుల్లో ఆ హాళ్లు ఖాళీగా పడి ఉంటాయి. వేదిక, కుర్చీలు, కరెంటు, పార్కింగ్ అన్నీ ఉన్నవే. నాటకానికి ఇంతకంటే ఏం కావాలి?

డేరాలో పెరిగిన పిల్లలు

టీనేజర్లు ప్రేక్షకులుగా కాకుండా నటులుగా పెరిగే నాటక సమాజం ఒకటి చేవెళ్లకు దగ్గర్లోనే ఉందని మీకు తెలుసా? శంకర్‌పల్లి మీదుగా లింగంపల్లి వెళ్తే అక్కడ సురభి కాలనీ ఉంది.

సురభి వాళ్ల కథ 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో మొదలైంది. తోలుబొమ్మలాడించే కుటుంబాలవాళ్లు, బొమ్మల బదులు తామే రంగు పూసుకుని ‘కీచక వధ’ ఆడారు. ఆ ప్రయత్నానికి ముందు నిలిచిన మనిషి వనారస గోవిందరావు. కుటుంబాలు పెరిగినకొద్దీ కొత్త సమాజాలు పుట్టాయి. ఒక ఊళ్లో డేరా వేసి నెలల తరబడి అక్కడే ఉండి, రోజుకో నాటకం ఆడి, జనం పలచబడ్డాక సామాను బండ్లకెక్కించి ఇంకో ఊరికి పోయేవారు. దాన్ని ‘క్యాంపు’ అంటారు. ఆడవేషాలు మగవాళ్లే వేసే రోజుల్లో సురభిలో ఆడవాళ్లే ఆడవేషాలు వేశారు. ఇప్పుడు మిగిలింది ఐదు సమాజాలు. వాటిలో 1937లో ఏర్పడిన శ్రీ వెంకటేశ్వర నాట్యమండలిని చాలాకాలం నడిపించిన రేకందార్ నాగేశ్వరరావును అందరూ బాబ్జీ అనేవారు. 2013లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది. అదే ఏడు ఈ బృందం ఫ్రాన్స్‌లోని మెట్జ్ నగరంలో ఆడింది. 2022లో ఆయన కన్నుమూశారు.

‘మాయాబజార్’ చూసే పిల్లల కళ్లను గమనించాలి. ఘటోత్కచుడు కూర్చుని నోరు తెరుస్తాడు, పళ్లెంలోని లడ్డూలు ఒక్కొక్కటిగా లేచి వాటంతటవే నోట్లోకి పోతాయి. నారదుడు మబ్బుల మీదుగా దిగుతాడు. అభిమన్యుడి బాణం, ఘటోత్కచుడి బాణం గాల్లో ఎదురుపడి నిప్పులు చిమ్ముతాయి. రంగులద్దిన తెర ఒకటి పైకి పోతే దాని వెనక అడవి, అది పోతే దాని వెనక రాజసభ. కంప్యూటర్ లేదు, స్క్రీన్ లేదు. తీగలు, తాళ్లు, కప్పీలు, వాటిని సరిగ్గా తాళానికి లాగే చేతులు. ఆ తాడు పట్టుకుని పక్క తెర చాటున నిలబడేది తరచూ పధ్నాలుగు, పదిహేనేళ్ల పిల్లలే. వాళ్లే మొదటి అంకంలో చిన్న వేషం వేసి, రెండో అంకంలో తాడు లాగి, మూడో అంకానికి మళ్లీ రంగు పూసుకుంటారు. పొత్తిళ్లలో బిడ్డగా మొదటిసారి వేదికెక్కి, ప్రహ్లాదుడై, బాలకృష్ణుడై, గొంతు మారాక అభిమన్యుడయ్యే పిల్లలు వాళ్లు. తమ ఈడు పిల్లలే వేదిక మీద పద్యం ఎత్తుకోవడం చూసిన చేవెళ్ల పిల్లలకు నాటకం తాతల కాలం నాటిదన్న మాట మళ్లీ నోటికి రాదు.

సురభి పాతదాన్నే పట్టుకు వేలాడిందని కొందరంటారు, అది నిజం కాదు. ప్రసిద్ధ దర్శకుడు బి.వి. కారంత్ సురభి నటులతో కలిసి పనిచేశారు. జర్మన్ నాటకకర్త బ్రెహ్ట్ రచనను వాళ్లు ‘బస్తీ దేవత యాదమ్మ’గా ఆడారు. యాదమ్మ అన్న పేరు వినగానే మన పక్కింటి మనిషి గుర్తొస్తుంది కదా.

సురభి బడుగు సమాజం కాబట్టి పూర్తిగా ఉచితంగా ఆడమనడం న్యాయం కాదని నా అభిప్రాయం. పిల్లలకు టికెట్ తగ్గించాలి, తగ్గిన ఆ డబ్బును ఎవరో ఒకరు కళాకారులకు భర్తీ చేయాలి. పంచాయతీ కావచ్చు, ఊళ్లోని పూర్వవిద్యార్థులు కావచ్చు, ఫామ్‌హౌస్‌ల యజమానులు కావచ్చు. రాయితీ భారం రంగు పూసుకున్నవాడి మీద పడకూడదు.

తెల్లవారితే బస్సు ఉంటుంది

చిందు యక్షగానం, ఒగ్గుకథ, శారదకథ చూడటానికి మన పెద్దలు ఎప్పుడూ టికెట్ కొనలేదు. ఖర్చు ఊరిది, చూసేది అందరూ. కళాకారుల కుటుంబాలకు ఊళ్ల మీద మిరాశీ హక్కులుండేవి. ధాన్యంగా, బట్టలుగా, కట్నంగా ముట్టజెప్పేవారు. ఇంకో సంగతి గమనించండి: ఆట రాత్రి భోజనాలయ్యాక మొదలై తెల్లవార్లూ సాగేది. చాప, దుప్పటి తెచ్చుకున్న పిల్లలు మధ్యలో కునుకు తీసి, రాక్షసుడు రంగంలోకి దూకగానే ఉలిక్కిపడి లేచేవారు. పక్క ఊరి నుంచి వచ్చినవాళ్లకు రాత్రి ఎలా వెళ్లాలన్న బెంగే లేదు, ఆట ముగిసేసరికి వెలుతురు వచ్చేది. చిందు యక్షగాన కళాకారుడు గడ్డం సమ్మయ్యకు 2024లో పద్మశ్రీ ఇచ్చారు. ఊరూరా తిరిగిన కళకు అది ఆలస్యంగా వచ్చిన గౌరవం.

పల్లెలో నాటకశాల

కర్ణాటకలో శివమొగ్గ జిల్లా హెగ్గోడు చిన్న పల్లె. 1949లో కె.వి. సుబ్బణ్ణ, ఆయన స్నేహితులు అక్కడ ‘నీనాసం’ అనే నాటక సంస్థ పెట్టారు. అడవులు, వక్కతోటల మధ్య నాటకశాల, తర్వాత నాటక శిక్షణ బడి వచ్చాయి. 1985 నుంచి ‘తిరుగాట’ పేరుతో వాళ్ల బృందం కర్ణాటకలో ఊరూరా తిరిగి నాటకాలు ఆడుతోంది. సుబ్బణ్ణకు 1991లో మెగసెసే అవార్డు వచ్చింది. నగరం నుంచి అంత దూరంలో ఉన్న పల్లెవాళ్లు ప్రపంచ నాటకాలు కన్నడలో చూస్తూ పెరిగారు. హైదరాబాద్ శివార్లలో ఉన్న మనకు అది అసాధ్యమని ఎలా అనుకుంటాం?

మధ్యాహ్నం కచేరీ ఫ్రీ

మద్రాసులో డిసెంబర్ సంగీత సీజన్ జరుగుతుంది కదా. సాయంత్రం పెద్ద విద్వాంసుల కచేరీలకు టికెట్ ఉంటుంది. చాలా సభల్లో మధ్యాహ్నం కచేరీలకు ఉండదు. ఆ వేళ పాడేది ఎక్కువగా యువ గాయకులే. పద్దెనిమిదేళ్ల అమ్మాయి వేదిక మీద త్యాగయ్య తెలుగు కీర్తన పాడుతుంటే, ఆమె ఈడు పిల్లలు రూపాయి ఖర్చు లేకుండా ముందు వరుసలో కూర్చుని వినొచ్చు. రేపటి విద్వాంసులను ఇవాళే వినాలనుకునే రసికులు మధ్యాహ్నాలను వదులుకోరు.

హైదరాబాద్‌లో దీనికి దగ్గరగా ఉన్నది మాదాపూర్ శిల్పారామం. వారాంతపు సాయంత్రాల్లో అక్కడి ఆరుబయటి వేదికపై కూచిపూడి, భరతనాట్య ప్రదర్శనలుంటాయి. గేటు టికెట్ తప్ప నృత్యానికి విడిగా కట్టక్కర్లేదు. గచ్చిబౌలిలోని హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో రంగస్థల కళల విభాగం విద్యార్థులు వేసే నాటకాలకూ చాలావరకు టికెట్ ఉండదు. నటించేవాళ్లు పాతికేళ్ల లోపువాళ్లు కావడంతో టీనేజర్లకు అక్కడ ఇట్టే చనువు ఏర్పడుతుంది.

బడికే వచ్చే విద్వాంసులు

1977లో ఢిల్లీ ఐఐటీలో ఆచార్యుడు కిరణ్ సేఠ్ ‘స్పిక్ మెకే’ అనే ఉద్యమం మొదలుపెట్టారు. దేశంలో పేరుమోసిన సంగీత, నృత్య కళాకారులను విద్యార్థుల దగ్గరికే తీసుకెళ్లడం దాని పని. విద్యార్థులు టికెట్ కొనేది లేదు. నడిపేవాళ్లలో చాలామంది విద్యార్థులే, వలంటీర్లుగా చేస్తారు. 2009లో సేఠ్‌కు పద్మశ్రీ వచ్చింది. 2022లో, డెబ్బై దాటిన వయసులో, ఈ పని కోసమే కాశ్మీర్ నుంచి కన్యాకుమారికి సైకిల్ తొక్కుకుంటూ బయల్దేరారు. ఆయన ఉద్యమంలో కళాకారుడు వచ్చి పాడి వెళ్లిపోవడం మాత్రమే ఉండదు. రాగం అంటే ఏమిటో, ముద్ర అంటే ఏమిటో చూపించి, పిల్లలు అడిగినదానికి జవాబు చెబుతారు. బడి హాల్లో నేల మీద, కళాకారుడికి ఐదారడుగుల దూరంలో కూర్చుంటే తంబుర తీగ అదురు కంటికి కనబడుతుంది.

దీనికోసం చేవెళ్ల, మొయినాబాద్ బడులు చేయాల్సిందల్లా హెడ్‌మాస్టర్ లేదా కాలేజీ ప్రిన్సిపాల్ స్పిక్ మెకే హైదరాబాద్ శాఖను అడగడం. హాలు లేకపోయినా ఫర్వాలేదు, నీడ ఉన్న వరండా, కరెంటు, శ్రద్ధగా కూర్చునే పిల్లలుంటే చాలు. సురభి ఆటకు తీసుకెళ్లాలంటే మాత్రం పని ఇంకొంచెం ఎక్కువ. సమాజం వాళ్లతో ముందే మాట్లాడి పిల్లలందరికీ కలిపి ధర కుదుర్చుకోవాలి, మధ్యాహ్నం ఆట వేయగలరేమో అడగాలి, తల్లిదండ్రుల నుంచి అనుమతి పత్రాలు తీసుకోవాలి, ఆడపిల్లల వెంట ఒక టీచరమ్మ ఉండాలి. ఆర్టీసీ డిపోలో అద్దె బస్సు దొరుకుతుంది. మంచి ఆటలకు ఆదివారాలు ముందే నిండిపోతాయి కాబట్టి పిల్లలు దసరా సెలవులకు వెళ్లకముందే తేదీ ఖాయం చేసుకోండి. పరీక్షల ఒత్తిడి మొదలయ్యే జనవరి దాకా ఆగితే ఏ తల్లీ సంతకం పెట్టదు.